చిక్కదనానికో కొలత కావాలండీ

గోదావరి జిల్లాల్లో ఇసుక తర్వాత అంత ఇష్టారాజ్యంగా తోడుకుపోతున్న సరుకు మరొకటుంది. అది ‘చిక్కని’ అనే మాట. ఇసుకకైనా ర్యాంపులున్నాయి, రశీదులున్నాయి, లారీ ఆపి అడిగేవాడు ఒకడున్నాడు. ఈ మాటకు ఏ కాపలా లేదు. ఎవడికి చేతనైనంత వాడు ఎత్తుకుపోతున్నాడు.

మొదట్లో ఇది పాల సొత్తు. అక్కడ లెక్కాపత్రం ఉంది. ఫుల్‌క్రీమ్ అన్నావంటే వెన్న 6 శాతం, వెన్న కాని ఘనపదార్థం 9 శాతం ఉండాలి. టోన్డ్ అయితే 3, 8.5. లాక్టోమీటరు మాత్రం అమాయకప్రాణి. దానికి తెలిసింది సాంద్రత ఒక్కటే. వెన్న తేలిక కాబట్టి మీగడ తీసేస్తే పాల సాంద్రత పెరుగుతుంది. పెరిగిన మేరకు నీళ్లు పోస్తే గీత మళ్లీ ఎక్కడుండాలో అక్కడికే వస్తుంది. మీగడ పోయింది, నీళ్లు చేరాయి, పాలు పాసయ్యాయి.

ఈ కిటుకు మన సాహిత్య సభలకు ఎప్పుడో చేరింది. రాజమండ్రిలో ఏ పుస్తకావిష్కరణకైనా వెళ్లండి, రెండో వక్త లేచేలోపు ‘చిక్కని కవిత్వం’ వచ్చేస్తుంది. మూడో ఆయన పునరుక్తి దోషం అంటకుండా ‘చిక్కటి కవిత్వం’ అంటారు. ఇంటికెళ్లి పుస్తకం తెరిస్తే పేజీకి ఆరు మాటలు, మిగతాదంతా మార్జిను. ఘనపదార్థం ఎంతో తేల్చే కేంద్రం ఊళ్లో ఒక్కటీ లేదు. నిజంగా చిక్కగా ఉన్నది పంటకాలువలో గుర్రపుడెక్క. దాన్ని పొగిడే వక్త మాత్రం ఇంతవరకూ దొరకలేదు.

అసలు గొడవంతా పరువుది. మనిషి మర్యాద పోతే ‘నలుగురిలో పలుచనైపోయాడు’ అంటాం. అందుకే పెళ్లి భోజనాల్లో మజ్జిగపులుసు గరిటె జారుతుంటే ఆడపెళ్లివారి గుండె జారుతుంది. మగపెళ్లివారి తరఫు పెద్దాయన విస్తరిలోంచి తలెత్తి, “ఏంటండీ, మరీ తేటగా ఉంది?” అంటారు. వంటాయన తొణకడు. “ఆయ్, ఇప్పుడే దించామండీ. చల్లారితే చిక్కబడుద్దండీ.” ఈలోగా పులుసు ఆకు అంచు దాటి పెద్దాయన పంచె మీదికి చేరుతుంది. ఈ వాక్యం వంటశాల దాటి చాలా దూరం వెళ్లింది. మా వీధిలో సిమెంటు రోడ్డు పోసిన మేస్త్రీ కూడా అదే చెప్పాడు. రోడ్డు చల్లారింది. మొదటి వానకు మళ్లీ పలుచబడింది.

ఇంతటి చిక్కదనపు సీమకు పేరు తెచ్చిందేమిటయ్యా అంటే, పలుచనలోకెల్లా పలుచనైన పూతరేకు. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, పిండిని నీళ్లలా జారుగా కలిపి, గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఇలా వేసి అలా లాగుతారు. కుండ మీద మిగిలేది పొర కాదు, పొర ఉందన్న అనుమానం. ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మజ్జిగపులుసుకు రాలేదు. దీని మీద ఓ విచారణ సంఘం వేయాలని నా డిమాండు.

ఈలోగా ‘చిక్కని’ మాట వాడకానికి నేనే ఓ ముసాయిదా రాశాను. పాలు, పులుసు, పాకాలకు అనుమతి అక్కర్లేదు. చీకటికి కరెంటు పోయిన రాత్రుల్లో మాత్రమే. కవిత్వానికి నమూనా పరీక్ష తప్పనిసరి. నాయకుల ‘చిక్కని అనుబంధాల’కు ఎన్నికల నోటిఫికేషన్ నుంచి కౌంటింగ్ దాకా నిషేధం.

ఒక్కచోటే కలం ఆగింది. ఇదే మాట మనిషికి తగిలితే అర్థం తిరగబడుతుంది. పాలు చిక్కబడితే లాభం, పులస వలకు చిక్కితే పండగ, మనిషి చిక్కితే బెంగ. సంక్రాంతికి హైదరాబాదు నుంచి దిగిన మనవడు బెల్టు చివరి బెజ్జంలో కూడా ఇమడకపోయినా, వీధరుగు మీంచే అమ్మమ్మ, “ఎంత చిక్కిపోయావురా నాన్నా!” అని గడ్డం పట్టుకుంటుంది. ఆ మాట వెనకాలే గడ్డపెరుగు గిన్నె వస్తుంది. ఈ వాడకానికి పూర్తి మినహాయింపు ఇచ్చేశాను. లేకపోతే పండక్కి మా ఇంట్లో నాకు మజ్జిగ కూడా పుట్టదు.