రాజు రమ్మన్నా వెళ్లని 80 ఏళ్ల బర్జిల్లయి

ముసలితనంలో తృప్తి గురించి ప్రసంగం అనగానే ఎక్కువమంది మొదటి తిమోతి 6వ అధ్యాయం తీస్తారు, "సంతుష్టి సహితమైన దైవభక్తి గొప్ప లాభసాధనమై యున్నది" అన్న మాట చెప్తారు. మంచి మాటే. కానీ ఈ విషయంలో నాకు ముందుగా గుర్తొచ్చేది మాత్రం బైబిల్లో దావీదు రాజు కాలంనాటి బర్జిల్లయి, పాపం ఆయన పేరు ఎవరూ పెద్దగా ఎత్తరు.

కన్నకొడుకు అబ్షాలోము తిరగబడితే దావీదు రాజధాని యెరూషలేము వదిలేసి యొర్దాను నది అవతలున్న మహనయీము ఊరి దాకా పారిపోతాడు. ఆకలితో, దాహంతో అలిసిపోయి ఉన్న ఆ జనానికి పరుపులు, పాత్రలు, గోధుమలు, యవలు, తేనె, వెన్న, గొర్రెలు తెచ్చిచ్చిన ముగ్గురిలో బర్జిల్లయి ఒకడు. అప్పటికి ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలీదు, అబ్షాలోము గెలిచుంటే ఈయన పరిస్థితి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. చివరికి దావీదే గెలిచి తిరిగెళ్తుంటే యొర్దాను దగ్గర సాగనంపడానికి వచ్చాడు, అప్పుడు రాజు నాతో యెరూషలేము వచ్చెయ్, నేను నిన్ను చూసుకుంటా అన్నాడు.

ఆయన జవాబు రెండో సమూయేలు 19లో ఉంది, తీరిగ్గా చదవాల్సిన జవాబు. నాకిప్పుడు 80 ఏళ్లు, తిన్నదాని రుచి తెలుస్తుందా, పాడేవాళ్ల పాట వినపడుతుందా, నేనెందుకు మీకు భారం కావాలి, మా అమ్మానాన్నల సమాధి దగ్గర నా ఊళ్లోనే చనిపోనివ్వండి అంటాడు. అని ఊరుకోలేదు, ఇదిగో కింహాము, ఇతన్ని తీసుకెళ్లండి, మీకు ఏది మంచిదనిపిస్తే అది ఇతనికి చెయ్యండి అని తనకొచ్చిన చోటు ఒక చిన్నవాడికి ఇచ్చేశాడు.

ఇక్కడ ఏడుపు లేదు చూడండి. నాలుక రుచి పోయింది, చెవులు మందగించాయి అని ఉన్నదున్నట్టు చెప్పాడు తప్ప దేవుడు నాకు అన్యాయం చేశాడని అనలేదు. యాకోబు 130 ఏళ్ల వయసులో ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడి నా రోజులు కొంచెమే, అవీ కష్టాలతోనే గడిచాయి అన్నాడు, ఆయన పడ్డ బాధలు చూస్తే ఆ మాట అర్థమవుతుంది, కానీ రెండు గొంతులకీ తేడా ఎంతుందో! పైగా బర్జిల్లయి గతిలేక సర్దుకున్నవాడు కాదు, బాగా ఆస్తిపరుడని బైబిలే చెప్తుంది. రాజు బల్ల దగ్గర చోటు దొరుకుతున్నా వద్దనగలిగాడు, నా దృష్టిలో వృద్ధాప్యంలో దీనత్వం అంటే అదే, మన చోటు ఇంకొకరికి మనసారా ఇవ్వగలగడం.

అది రాకపోతే ఏమవుతుందో ప్రసంగి 4వ అధ్యాయంలో ఉంది, బుద్ధి మాట చెవికెక్కని ముసలి రాజు కన్నా తెలివైన పేద కుర్రాడే నయం అంటాడు. సంఘాల్లో, ఇళ్లల్లో ఈ ముసలి రాజులు తక్కువేం లేరు, కుర్చీ వదలరు, తాళాలు ఇవ్వరు. సంఖ్యాకాండం 8లో ప్రత్యక్ష గుడారంలో సేవ చేసే లేవీయులకి 50 ఏళ్లు రాగానే బరువు పని ఆపమన్నారు, అయితే ఇంటికి పొమ్మనలేదు, తమ్ముళ్లకి తోడుగా ఉండమన్నారు. ఆ తోడుగా ఉండటం అనేదే కష్టం, ఎందుకంటే అక్కడ పెత్తనం ఉండదు, మన పద్ధతిలో జరగకపోయినా చూస్తూ సాయం చెయ్యాలి.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. ఈ వాక్యాలన్నీ పెద్దవాళ్ల నోరు మూయించడానికి వాడితే అది ఘోరం. మందులు అడిగితే, కాసేపు పక్కన కూర్చోమంటే "తృప్తిగా ఉండటం నేర్చుకో" అనే పిల్లలు ఉన్నారు. ఏ స్థితిలోనైనా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని పౌలు ఫిలిప్పీ 4లో అన్నది తన గురించి, జైల్లో ఉండి రాసుకున్నాడు, ఇంకొకరి అవసరం ఎగ్గొట్టడానికి కాదు. అమ్మానాన్నలకి చెందాల్సింది కొర్బాను, అంటే దేవుడికిచ్చేసిన కానుక అని చెప్పి తప్పించుకునే వాళ్లని మార్కు 7లో యేసు ముఖం మీదే నిలదీశాడు. 71వ కీర్తన రాసినాయన కూడా "వృద్ధాప్యమందు నన్ను విడనాడకుము" అని అడగడానికి సిగ్గుపడలేదు. బర్జిల్లయి వద్దన్నాడంటే అది ఆయన ఇష్టం, రాజు మాత్రం ముసలివాడు కదా అని పిలవకుండా ఊరుకోలేదు, ముద్దుపెట్టుకుని దీవించి పంపాడు, ఆ తర్వాత చనిపోయే ముందు కూడా బర్జిల్లయి కొడుకుల్ని నీ బల్ల దగ్గరే భోజనం చెయ్యనివ్వు అని తన తర్వాత రాజైన కొడుకు సొలొమోనుకి చెప్పిపోయాడు.