సవరణ: వసంత, బసంత్ ఒకటి కావు

మొన్న అనంతపురంలో ఓ ఇంటి హాల్లో జరిగిన వసంతకాలపు చిన్న కచేరీ గురించి రాస్తూ, అక్కడ పాడిన వసంత రాగాన్నే హిందుస్తానీలో బసంత్ అంటారని రాశాను. అది తప్పు. పాడినావిడని అడిగి, రాగలక్షణాల పుస్తకం కూడా చూశాను. మన కర్ణాటక సంగీతపు వసంతలో పంచమం (‘ప’ స్వరం) ఉండదు, రెండు రకాల మధ్యమాల్లో (‘మ’ స్వరాల్లో) శుద్ధ మధ్యమం ఒక్కటే, ఎక్కువమంది దీన్ని 17వ మేళకర్త (మూలరాగం) సూర్యకాంతంలో జన్యం, అంటే దాన్నుంచి పుట్టింది అంటారు. బసంత్ పూర్వీ థాట్‌ది (థాట్ అంటే హిందుస్తానీలో రాగాల వర్గం), పంచమం ఉంది, రెండు మధ్యమాలూ పలుకుతాయి. పేరు చూసి మోసపోయాను, అంతే.

ఇంకోటి, ఆ హాల్లో గోడలకు పెట్టిన మనుషుల బొమ్మలు లేపాక్షి చిత్రాలకు నకళ్లని కొందరు అనుకున్నారు. కాదండీ, ఇప్పటి చిత్రకారులు సొంతంగా వేసినవి. లేపాక్షివి 16వ శతాబ్దపు విజయనగర కాలం నాటివి, ఆ రాతలో నేను వాటితో పోల్చింది పక్కకు తిరిగిన ముఖాల వరకే.