రెండేళ్ల అనుభవం గల కొత్తవారు కావలెను

నెట్‌వర్క్ ఇంజనీరు ఉద్యోగానికి మొన్న ఒక ప్రకటన చూశాను. ‘ఫ్రెషర్లు మాత్రమే దరఖాస్తు చేసుకోవాలి. కనీసం రెండేళ్ల అనుభవం తప్పనిసరి.’ ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే, ఒకదాని మొహం ఒకటి చూసి సిగ్గుపడకుండా నిలబడి ఉన్నాయి. అచ్చుతప్పేమో అనుకునే అమాయకులు ఇంకా మిగిలి ఉంటే వారికి నా సానుభూతి. అది మన పరిశ్రమ సిద్ధాంతం. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అని మన పెద్దలు ఏ హెచ్‌ఆర్ విభాగాన్నీ చూడకుండానే చెప్పగలిగారు.

నేను చాలాసేపు ఆలోచించాను. అనుభవం ఉన్న ఫ్రెషర్ ఎక్కడ దొరుకుతాడు? కర్మ సిద్ధాంతం ఒక్కటే దీనికి సమాధానం. పూర్వజన్మలో రెండేళ్లపాటు రూటర్లు, స్విచ్‌లు కాపలా కాసి, ఈ జన్మలో తాజాగా పట్టా పుచ్చుకున్నవాడే అర్హుడు. దరఖాస్తుకు జతచేయవలసినవి: డిగ్రీ నకలు, ఆధార్ నకలు, చిత్రగుప్తుడి సంతకంతో కూడిన రిలీవింగ్ లెటరు. చివరి మూడు నెలల పే స్లిప్పులు కూడా అడుగుతారు కాబట్టి పైలోకంలో అకౌంట్స్ వారితో ముందే మాట్లాడుకోవడం మంచిది.

పూర్వజన్మ సుకృతం లేనివారు కోచింగ్‌కు అమీర్‌పేట వెళతారు. మైత్రివనం చుట్టుపక్కల మెట్ల గోడల మీద సీసీఎన్‌ఏ అనే నెట్‌వర్క్ పరీక్ష పోస్టర్లు లేని చోటు వెతకడం కష్టం. ఆ పరీక్ష పెట్టే సిస్కో అనే నెట్‌వర్క్ పరికరాల కంపెనీ మాత్రం ముందస్తు అర్హత ఏదీ ఉండాలనదు. 2020 ఫిబ్రవరిలో పాత శాఖల్లో చాలావాటిని కలిపి 200-301 అనే ఒకే పరీక్ష చేశారు. 120 నిమిషాల పరీక్ష, 300 డాలర్ల రుసుము, ఆపైన పన్ను. మన డబ్బులో పాతిక వేలు దాటుతుంది. నెగ్గితే వచ్చే సర్టిఫికెట్‌కు ఆయుష్షు మూడేళ్లు. ఎదురుచూపుల్లోనే అందులో సగం కరిగిపోతుంది.

సరే, కుర్రవాడు ఇంటర్వ్యూకు వెళ్లాడనుకుందాం. ఎదురుగా ముగ్గురు. నెట్‌వర్క్ పనిని విడదీసి చూపే ఓఎస్‌ఐ నమూనాలో ఏడు పొరలూ పై నుంచి కిందికి చెప్పమంటారు. చెబుతాడు. కింది నుంచి పైకి? చెబుతాడు. స్లాష్ 26 అనే చిరునామాల ముక్క ఇస్తే ఎన్ని హోస్టులు, అంటే యంత్రాలు? 62. పెద్ద నెట్‌వర్కుల మధ్య దారి చూపే బీజీపీలో దారి ఎంపిక క్రమం? అదీ చెబుతాడు. రెండు ఖండాల మధ్య లింకు తెగితే ఏం చేస్తారని మూడో ఆయన అడుగుతాడు, రేపు ఉదయం ఈ కుర్రవాణ్ణి సముద్రం అడుగున కేబుళ్లు అతకడానికి పంపుతున్నట్టు. చివరికి అసలు ప్రశ్న: ‘‘అనుభవం?’’ లేదు సార్ అంటాడు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఇంట్లో ఎవరో పోయారన్న కబురు విన్నట్టు.

ఇంతకీ ఆ ఉద్యోగం ఏమిటి? నెట్‌వర్కును కనిపెట్టి చూసే నాక్ అనే గదిలో రాత్రి షిఫ్టు. హోదా ఎల్‌వన్, అంటే మొదటి మెట్టు. గోడ మీద పెద్ద తెర, తెర నిండా పచ్చ చుక్కలు. ఒక చుక్క ఎర్రబడితే దానికి పింగ్ కొట్టాలి, అంటే ఉన్నావా అని పలకరించాలి. పలకకపోతే టికెట్ తెరవాలి, అంటే ఫిర్యాదు నమోదు చేయాలి. టికెట్ తెరిచి పై మెట్టు ఎల్‌టూ వారికి ఫోను చేయాలి. ఎల్‌టూ ఆయన నిద్ర గొంతుతో ‘‘రీస్టార్ట్ చేసి చూశారా?’’ అంటాడు. ఆ చుక్క తాలూకు రూటరు పెట్టె ఎక్కడో బ్యాంకు శాఖలో ఉంది, కాబట్టి ఆ శాఖకు ఫోను చేయాలి. రాత్రి రెండింటికి అక్కడ ఉండేది వాచ్‌మన్ ఒక్కడే.

‘‘అన్నా, లోపల పెట్టెలో లైట్లు వెలుగుతున్నాయా?’’

‘‘ఏ పెట్టె బాబూ? ఇక్కడ మూడున్నాయి. ఒకదాని మీద వినాయకుడి బొమ్మ ఉంది.’’

‘‘వినాయకుడి పక్కది.’’

‘‘అది ఫ్రిజ్ కదా.’’

పావుగంట తర్వాత సరైన పెట్టె దొరుకుతుంది. ప్లగ్గు తీసి పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ పెడతాడు. తెర మీద చుక్క పచ్చబడుతుంది. ఎల్‌వన్ టికెట్ మూసేస్తాడు. ఎల్‌టూ తన నివేదికలో ‘సమస్య పరిష్కరించాము’ అని రాసుకుంటాడు. నెలాఖరున మేనేజరు ఆ సంఖ్యలన్నీ కలిపి రంగుల బొమ్మ గీసి అమెరికాలోని క్లయింటుకు చూపిస్తాడు. ఈ మొత్తం వ్యవస్థలో నెట్‌వర్కును చేత్తో ముట్టుకుని బాగుచేసిన మనిషి ఆ వాచ్‌మన్. రేపు అతను దరఖాస్తు పెడితే ఎల్‌వన్‌కు కూడా పనికిరాడు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఈ ప్రకటనల పుణ్యమా అని ఒక వ్యాపారం మాత్రం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతోంది. డబ్బు కడితే ఎవరూ పనిచేయని కంపెనీలో మీరు రెండేళ్లు పనిచేసినట్టు లెటరు, పే స్లిప్పులు, ఫోను చేస్తే ‘‘అవునండీ, మంచి కుర్రవాడు’’ అని చెప్పే గొంతు కూడా సిద్ధం. ఇది హెచ్‌ఆర్ వారికి తెలియదా? తెలుసు. తెలిసే అడుగుతారు. కుర్రవాడు అప్పుచేసి కొనుక్కొస్తాడు, చేరతాడు, పని నేర్చుకుంటాడు, బాగానే చేస్తాడు. ఆరు నెలలకు వెరిఫికేషన్‌లో దొరికిపోతాడు. అదే రోజు గెంటేస్తారు, మోసగాడని ముద్ర వేస్తారు. ఆ అబద్ధానికి ఆర్డరు పెట్టింది మీరు కాదా? ఇరవై రెండేళ్ల పిల్లవాడి నుంచి ఉండే వీలే లేని కాగితం అడిగి, తెస్తే నీతి పాఠం చెప్పడానికి నోరెలా వచ్చింది?

మా వీధి కేబుల్ ఆపరేటరు దగ్గర ఒక కుర్రవాడు ఉన్నాడు. ఎండలో స్తంభం ఎక్కి ఫైబర్ అతుకుతాడు. నెట్‌వర్కు కేబుల్ చివరి ఆర్‌జే45 కొనకు ఎనిమిది తీగలనూ వరస తప్పకుండా, తెల్ల నారింజ దగ్గర మొదలుపెట్టి గోధుమ రంగు దాకా, మాట్లాడుతూనే బిగించేస్తాడు. ఎక్కడ సిగ్నల్ పడిపోయిందో మీటరు పెట్టి చెబుతాడు. రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేస్తామని 2011లో తీర్మానించుకున్న దేశం మనది, ఆ తీగ ఇలాంటి చేతుల మీదుగానే ఊళ్లకు చేరాలి. అతనూ సీసీఎన్‌ఏ పాసయ్యాడు. ఇంటర్వ్యూలో అతని బయోడేటా చూసి అడిగిన మొదటి ప్రశ్న: ‘‘డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు ఖాళీగా ఉన్నారా?’’

పని నేర్పి తీసుకోండి మహాప్రభో అంటే, అలాంటి పద్ధతి మన దేశంలో లేదండీ అంటారు. అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. 30 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని నియమం. ఆ 2.5 శాతం ఏ అంతస్తులో కూర్చున్నారో చూపించమని ఈసారి ఇంటర్వ్యూకు వెళ్లేవారు ఆ ముగ్గురినీ అడగండి. వాళ్లకు అనుభవం ఉంది కదా, జవాబు తెలిసే ఉండాలి.