రెండో తాళం డాలస్‌లో ఉంది

జూన్ 14తో చేపల వేట నిషేధం ముగుస్తుంది. 61 రోజులు ఒడ్డునే ఉన్న బోట్లు సముద్రంలోకి వెళ్లి సరుకుతో తిరిగొచ్చాక, మొదటి ఆదివారం విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. మా నాన్న ఆ ఆదివారం కోసం రెండు నెలలు కాచుకుంటారు. ఈసారి నేనూ ఊళ్లోనే ఉన్నాను కనక పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం.

వంజరం ముక్కలు ఒక స్టీలు డబ్బాలో, రొయ్యలు ఇంకో డబ్బాలో, రెండూ నూలు సంచిలో. డబ్బులు తీస్తుంటే జేబులోంచి కారు కీ కూడా బయటికొచ్చింది. నీచు చెయ్యి మళ్లీ జేబులో ఎందుకని నాన్న దాన్ని కూడా సంచిలో పడేశారు. కారు దగ్గరికొచ్చి, డిక్కీ బటన్ నొక్కి, సంచి లోపల పెట్టి, ధడాలున మూసేశారు. మిగతా తలుపులు ఎటూ లాక్‌లోనే ఉన్నాయి.

"ఇలాంటి కార్లు తాళం లోపలుంటే లాక్ అవవు కదరా?" అన్నారు. నేనూ అదే అనుకునేవాణ్ణి.

అవకూడదు నిజమే. కారు లోపలుండే యాంటెనాలు తక్కువ ఫ్రీక్వెన్సీలో, చాలా కార్లలో 125 కిలోహెర్ట్జ్‌లో, "ఎక్కడున్నావు?" అని కీని పిలుస్తుంటాయి. కీ రేడియోలో జవాబిస్తుంది. జవాబు లోపల్నుంచి వస్తే కారు కీచుమని గోలపెట్టి, మూసిన డిక్కీని మళ్లీ తెరుస్తుంది. కానీ జవాబు వినబడాలిగా! కీలో ఉండేది రూపాయి బిళ్లలాంటి మూడు వోల్టుల సెల్, సీఆర్2032. కారు కొన్నప్పటి నుంచీ దాన్ని మార్చినవాళ్లు లేరు. పైగా కీ జారి రెండు స్టీలు డబ్బాల మధ్య ఇరుక్కుంది. లోహం చాటున కారు పిలుపూ సరిగ్గా చేరదు, కీ జవాబూ బయటికి రాదు. ఇక్కడ అమెరికాలో మనలో కొందరు, దొంగలు సిగ్నల్ పట్టేసి కారు ఎత్తుకుపోతారని రాత్రిళ్లు కీని రేకు డబ్బాలో పెట్టి పడుకుంటారు. అక్కడ హార్బర్లో మా నాన్న అదే పని తెలియక చేశారు.

నలుగురూ మూగారు. "ఏటి బాబూ, అద్దం కొట్టీమంటారా?" అని ఒకాయన రాయి కోసం చూస్తున్నాడు. మాకు చేపలమ్మినావిడ బాధ ఆవిడది. "ఐసు ఎయ్యమంటే వద్దన్నారు కదేటి!" చేపలు కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటూ రాస్తున్నాను. 2025 మేలో, వైజాగ్‌కి ఎంతో దూరం లేని విజయనగరం దగ్గర ద్వారపూడిలో, ఆగి ఉన్న కారులో ఇరుక్కుని నలుగురు పిల్లలు ఊపిరాడక చనిపోయారు.

చివరికి ఎవరో ఫోన్ చేస్తే తాళాలు చేసే కుర్రాడు స్కూటర్ మీద వచ్చాడు. తలుపు సందులో చదునైన గాలి సంచి దోపి, పంపు కొట్టి, వేలెడు సందు చేసి, పొడుగాటి కమ్మీ లోపలికి పోనిచ్చాడు. ముందు లాక్ బటన్ నొక్కి చూశాడు, పలకలేదు. తర్వాత లోపలి హ్యాండిల్‌కి కొక్కెం తగిలించి లాగాడు. తలుపు తెరుచుకుంది, సైరనూ మోగింది. వెనక సీటు మడిచి, డిక్కీలోకి పాకి, నేను సంచి వెతుకుతున్నంతసేపూ హార్బర్ మొత్తం మమ్మల్నే చూసింది.

రెండో తాళం ఏమైందని అడుగుతారు. అసలు ఈ వ్యాసం దాని గురించే. అది డాలస్‌లో, మా వంటింటి సొరుగులో, పాత చార్జర్ల కింద ఉంది. కారు కొనిచ్చినప్పుడు షోరూమ్ వాళ్లు రెండు కీలిచ్చారు. "నీ కారే కదరా, ఒకటి నీ దగ్గరుంచుకో" అన్నారు నాన్న. మురిసిపోయి తెచ్చుకున్నాను. ఫోన్ యాప్‌తో తెరవొచ్చుగా అనకండి. యాప్ నా పేరు మీదే ఉంది, ఓటీపీ వెళ్లేది ఎప్పుడో ఆగిపోయిన నా ఇండియా నంబరుకి.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. మనం అమ్మానాన్నలకి కొనిచ్చే ప్రతి సౌకర్యానికీ రెండో తాళం మన దగ్గరే పెట్టుకుంటున్నాం. గుమ్మం కెమెరా పాస్‌వర్డ్ మన దగ్గరే. కొత్త ఫ్లాట్ డిజిటల్ లాక్‌కి అసలు కోడ్ మన దగ్గరే. బ్యాంకు ఖాతాకి మన నంబరే. "వాళ్లకి తెలియదులే" అంటాం. తెలియజెప్పామా? ఆ కీ పక్కనున్న చిన్న మీట నొక్కితే లోపల్నుంచి ఇనప తాళం వస్తుందని, సెల్ అయిపోయినా దాంతో డ్రైవర్ తలుపు తెరవొచ్చని, కీని స్టార్ట్ బటన్‌కి ఆనిస్తే బండి కదులుతుందని నాన్నకి ఆ మధ్యాహ్నం చూపించాను, కారు కొన్న మూడేళ్లకి. నాకైనా ఎప్పుడు తెలిసింది, ఆ రోజు మాన్యువల్ తిరగేస్తేనే.

మా పాత మారుతి 800కి ఈ గొడవ లేదు. దాని రెండో తాళం పక్కింటి పిన్నిగారి పూజగదిలో, మేకుకి వేలాడుతూ ఉండేది.

డాలస్ తిరిగొచ్చిన వారానికి వైజాగ్ వెళ్తున్న స్నేహితుడి చేతికి ఆ కీ ఇచ్చాను, కొత్త సెల్ వేసి. అందిందా అని ఫోన్ చేస్తే నాన్న అన్నారు: "ఆ, అందింది. పక్కింటి పిన్నికిచ్చేశాను. నీకేం కావాలి, ఫొటో తీసి పంపనా?"