ఖాళీ కుర్చీకి అడ్డుతెర

శ్రీకాకుళం జిల్లాలోని ఓ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ క్లాసు. అటెండర్ వచ్చి గోడకున్న టీవీకి పెన్‌డ్రైవ్ తగిలించి, వీడియో ఆన్ చేసి వెళ్లిపోయారు. తెర మీద ఎవరో ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోతున్నారు. మూడో బెంచీలో ఓ అమ్మాయి చెయ్యెత్తింది. అడిగేందుకు అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చి దించేసింది. ఆ సబ్జెక్టుకు లెక్చరర్ లేరు. దీనికి కాలేజీ పెట్టుకున్న పేరు బ్లెండెడ్ లెర్నింగ్, అంటే మిశ్రమ బోధన.

ఆన్‌లైన్ పాఠాలు చెడ్డవని మేం అనడం లేదు. ఐఐటీ ప్రొఫెసర్ పాఠం పలాస పిల్లాడికి ఉచితంగా దొరకడం మంచిదే. పని చేసుకుంటూ చదివేవాళ్లకు అదో ఆసరా కూడా. కానీ మిశ్రమ బోధన అంటే అసలేమిటి? పాఠం ఇంటి దగ్గర చూసుకుని వస్తే, క్లాసులో సందేహాలు తీర్చాలి, లెక్కలు చేయించాలి, చర్చ పెట్టాలి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో కనిపెట్టాలి. దీనికి లెక్చరర్ మరింత కష్టపడాలి. ఆ లెక్చరరే లేకపోతే నీళ్లలో నీళ్లు కలిపినట్టే.

మా భయం ఒక్కటే. ఈరోజు వీడియోతో నెట్టుకొచ్చిన పోస్టును రేపు అవసరం లేని పోస్టుగా రాసేస్తారు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం'లో చదివి డిగ్రీలో కలుపుకునే కోర్సుల క్రెడిట్లకు విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2016లో పెట్టిన పరిమితి 20 శాతం. 2021 మార్చిలో అది 40 అయింది. అదే ఏడాది మేలో, ప్రతి కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో చెప్పొచ్చని ముసాయిదా వచ్చింది. 'వరకు' అన్న మాటను మన దగ్గర ఎవరూ చదవడం లేదు. పరిమితిని హక్కుగా వాడుకుంటున్నారు. అయిదేళ్లలో 20 కాస్తా 40 అయినప్పుడు, ఖాళీ కుర్చీలు చూపించి 60 చేయరన్న హామీ ఎవరిస్తారు?

విశాఖ దాకా వెళ్లి చదువుకునే స్తోమత లేని పిల్లలు ఇక్కడ ఎంతోమంది. 2008లో ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు, 2022లో విజయనగరం జేఎన్‌టీయూ ప్రత్యేక విశ్వవిద్యాలయమైనప్పుడు జనం సంతోషించింది అందుకే. గురువు దగ్గరకొస్తాడని ఆశపడ్డవాళ్లకు తెర చూపిస్తే ఎలా? మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లలో సిగ్నల్ కోసం గట్టెక్కి నిలబడాలి. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క మంచి ఫోనూ వలస వెళ్లిన తండ్రి జేబులో ఉంటుంది. 2018లో తిత్లీ తుపాను కొట్టినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకు ఆ గడగడ ఇంగ్లీషును ఆపి, మళ్లీ తెలుగులో చెప్పే మనిషి కావాలి. ఇవేవీ అధికారులకు తెలియనివి కావు.

ఫీజు మాత్రం నూటికి నూరు శాతం కట్టించుకుంటున్నారు. హాజరు తగ్గితే హాల్‌టికెట్ ఆపుతామని బెదిరిస్తున్నారు. రోజూ బస్సెక్కి వచ్చే పిల్లకు ఇన్ని షరతులు పెట్టి, ఏళ్లుగా ఖాళీగా ఉన్న లెక్చరర్ కుర్చీ గురించి మాత్రం నోరు మెదపరు.

ముందు ఏ విభాగంలో ఎన్ని పోస్టులు మంజూరయ్యాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో ప్రతి కాలేజీ నోటీసు బోర్డులో పెట్టాలి. రెగ్యులర్ లెక్చరర్ లేని సబ్జెక్టుకు ఆన్‌లైన్ వాటా ఇవ్వకూడదు. పోస్టులు నింపడం చేతకాకపోతే ఆ మాట పెద్దలే క్లాసులోకి వెళ్లి, చెయ్యెత్తి దించేసిన ఆ అమ్మాయి ముందు నిలబడి చెప్పాలి.