మూరెడు లోతున నీళ్ళు

ఏటా వేసవిలో మన సంఘం బస్సు బ్రూజ్‌కో ఆమ్‌స్టర్‌డామ్‌కో బయల్దేరుతుంది. ఉత్తర ఫ్రాన్సులో లీల్ నగరం దగ్గర ఓ పాతిక కిలోమీటర్లు పక్కకి తిరిగితే నవ్ షపెల్ అనే చిన్న ఊరుంది. ఇంతవరకూ తిరగలేదు. ఈసారి తిరగాలంటాను.

పేరుకి అర్థం కొత్త గుడి. గట్టూ మిట్టా లేని చదునైన నేల, చేల మధ్య మురుగు తీసే కాలువలు. కోనసీమలో పుట్టినవాణ్ణి కదా, చూడగానే తెలిసిపోయింది: ఇక్కడ గునపం వేస్తే మూరెడు లోతున నీరూరుతుంది. తూర్పున ఓబెర్ మిట్ట. చుట్టూ నేలకన్నా ఓ ఇరవై మీటర్లు ఎత్తేమో! మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ కాస్త ఎత్తు కోసమే ఊరు నేలమట్టమైంది. మిట్ట మీద జర్మన్లు, కింద బురదలో బ్రిటిష్, భారతీయ సైనికులు. కందకం తవ్వితే నీళ్ళే. అందుకని ఇసుక బస్తాలు పేర్చి, మట్టికట్ట పోసి, దాని చాటున నిలబడ్డారు.

1915 మార్చి 10 ఉదయం ఏడున్నరకి ఫిరంగులు మొదలై 35 నిమిషాలు మోగాయి. ఊరు ఆ పూటే చేతికొచ్చింది, మిట్ట మాత్రం రాలేదు. మూడు రోజుల తర్వాత ఆపేశారు. శత్రు కందకంలో మలుపు మలుపుకీ ముందు నడిచిన గఢ్వాలీ సిపాయి గబర్ సింగ్ నేగీ అక్కడే పోయాడు. తర్వాత బ్రిటిష్ వాళ్ళ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

ఇప్పుడు కూడలిలో 1927లో వాస్తుశిల్పి హెర్బర్ట్ బేకర్ కట్టిన స్మారకం ఉంది. అశోక స్తంభం లాంటి స్తంభం, రెండు రాతి పులులు, జాలీ పని. ఫ్రాన్సు, బెల్జియంలలో పోరాడి సమాధైనా దక్కని భారతీయులు 4,700 మందికి పైగా గోడ మీద పేర్లై మిగిలారు. 'దేవుడొక్కడే, విజయం ఆయనదే' అన్న మాట ఇంగ్లీషుతోపాటు అరబ్బీ, దేవనాగరి, గురుముఖి లిపుల్లో చెక్కారు.

"తెలుగు లేదుగా, అందులో మనవాళ్ళెవరండీ?" అన్నారు కమిటీలో ఒకాయన. నిజమే, ఎక్కువమంది పంజాబీలు, గఢ్వాలీలు, గూర్ఖాలు, పఠాన్లు. మరి బ్రూజ్‌లో మనవాళ్ళెవరున్నారని ఏటా వెళ్తున్నాం?

అక్కడే అదే యుద్ధంలో పోయిన పోర్చుగీసు సైనికుల శ్మశానం కూడా ఉంది, 1,831 సమాధులు. అక్కడ రాయి కింద మనిషి ఉన్నాడు. ఇక్కడ గోడ మీద పేరుంది, మనిషి ఏ చేలో ఉన్నాడో!

బస్సు వేస్తే మాత్రం చెప్పులు వద్దనండి. కాలువగట్ల మీద బంకమట్టి కాలు వదలదు.