‘లక్ష పత్రికలుంటే గుత్తాధిపత్యం ఎక్కడ?’ అనే వాదనకు జవాబు

కొన్నాళ్లుగా వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదన తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: దేశంలో లక్షకు పైగా పత్రికలు రిజిస్టరై ఉన్నాయి, 900 దాకా టీవీ ఛానెళ్లున్నాయి, కాబట్టి మీడియా కొద్దిమంది చేతుల్లోకి పోయిందన్నది కట్టుకథ. పెద్ద కంపెనీలు డబ్బు పెట్టకపోతే ఛానెళ్లు ఈపాటికి మూతపడేవి. చిన్న పత్రికలు పోయింది ఇంటర్నెట్ వల్ల. అయినా అవన్నీ బ్లాక్‌మెయిల్ పత్రికలు, పోతే పీడా పోయింది. ఇప్పుడు ఫోన్ ఉన్న ప్రతివాడూ విలేకరే.

బాగా చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్మి నలుగురికీ పంపుతున్నారు. అందుకే ఒక్కో మాటా తీసి చూడాలి.

‘లక్ష పత్రికలు, 900 ఛానెళ్లు.’ రిజిస్టరైన పేరు వేరు, రోజూ అచ్చయ్యే పత్రిక వేరు. ఆ లక్షలో భక్తి మాసపత్రికలున్నాయి, కుల సంఘాల పత్రికలున్నాయి, ప్రభుత్వ ప్రకటన కోసమో ప్రభుత్వం విలేకరులకిచ్చే అక్రిడిటేషన్ (గుర్తింపు) కార్డు కోసమో ఏడాదికి నాలుగు సంచికలు వేసేవీ ఉన్నాయి. ఇక ఛానెళ్ల సంగతి. రామోజీ ఫిల్మ్ సిటీ నుంచి యూపీకీ, బిహార్‌కీ, రాజస్థాన్‌కీ వార్తలు పంపిన ఈటీవీ హిందీ ఛానెళ్లు గుర్తున్నాయా? 2012లో ప్రకటించిన ఒప్పందంతో అవి నెట్‌వర్క్18 అనే మీడియా సంస్థ గూటికి చేరి, ఇప్పుడు న్యూస్18 పేరుతో నడుస్తున్నాయి. అదే ఒప్పందంలో తెలుగు ఈటీవీలో 24.5 శాతం వాటా కూడా పోయింది. 2014లో నెట్‌వర్క్18 మొత్తంగా రిలయన్స్ అధీనంలోకి వచ్చింది. మనవాళ్లు పెట్టిన మా టీవీని 2015లో స్టార్ కొన్నది. 2024 నవంబరులో స్టార్, రిలయన్స్ కలిసిపోయాయి. కలిసిన సంస్థ విలువ 70 వేల కోట్ల రూపాయల పైమాట, దాని కింద ఉన్న ఛానెళ్లు వందకు పైగా. రిమోట్ నొక్కుతూ పోతే వంద పేర్లు కనిపిస్తాయి. వాటి యజమానుల పేర్లు రాయాలంటే చిన్న చీటీ చాలు.

‘పెద్ద కంపెనీలే కాపాడాయి.’ ఎన్డీటీవీ చేతులు మారిన తీరు చూడండి. ఛానెల్ వ్యవస్థాపకుల సంస్థ 2009లో విశ్వప్రధాన్ కమర్షియల్ అనే కంపెనీ దగ్గర సుమారు 400 కోట్ల రూపాయల అప్పు తీసుకుంది. 2022 ఆగస్టులో అదానీ గ్రూపు ఆ అప్పిచ్చిన కంపెనీనే కొనేసి, అప్పుపత్రంలోని హక్కుతో ఛానెల్లో 29 శాతం వాటాకు దారి చేసుకుంది. తమతో మాటమాత్రం చెప్పలేదని వ్యవస్థాపకులు అప్పుడే ప్రకటించారు. ఏడాది తిరక్కుండానే ఆ గ్రూపు వాటా 64 శాతం దాటింది. ఓడరేవులు, విమానాశ్రయాలు, బొగ్గు, కరెంటు ఆ గ్రూపు వ్యాపారాలు. ఒక వార్తా ఛానెల్ రోజూ ప్రశ్నించాల్సిన రంగాలు కూడా ఇవే కదా.

మన దగ్గరా అంతే. 2018లో టీవీ9 యాజమాన్యం నిర్మాణ రంగంలోని పెద్దల చేతికి వెళ్లింది. ఏ ఛానెల్ గురించైనా నేను అడిగేది ఒకటే: ప్రభుత్వ టెండర్లతో బతికే వ్యాపారం ఉన్న యజమాని, ప్రభుత్వాన్ని నిలదీసే వార్తను ఎంతవరకు రానిస్తాడు? ఫలానా వార్త ఆపమని ఎవరూ ఫోన్ చేయనక్కర్లేదు. డెస్కులో కూర్చున్నవాడికి ఇల్లు గడవాలి, ఏది రాయకూడదో వాడికే తెలిసిపోతుంది. పత్రికలను ఇతర పరిశ్రమల నుంచి విడదీయాలని రెండో ప్రెస్ కమిషన్ 1982లోనే చెప్పింది. 1995లో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చినప్పుడు, మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి విడిగా రాసిన తీర్పులో గుత్తాధిపత్యం ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా ప్రమాదమేనని తేల్చారు.

‘ఇంటర్నెట్ చంపింది.’ ఇందులో కొంత నిజముంది. ప్రకటనల డబ్బు గూగుల్‌కీ ఫేస్‌బుక్‌కీ పోయింది, కాదనను. కానీ మన జిల్లాల్లో కథ అంతకు ముందే మొదలైంది. 1989లో ఈనాడు జిల్లాకొక టాబ్లాయిడ్ (చిన్న సైజు జిల్లా అనుబంధం) ఇవ్వడం మొదలుపెట్టింది, మిగతా పెద్ద పత్రికలూ అదే బాట పట్టాయి. దానివల్ల మేలూ జరిగింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం ఊరూరా పాకడంలో ఆ జిల్లా పేజీల పాత్ర పెద్దది. అయితే ఊళ్లోని బట్టల కొట్టు, ట్యుటోరియల్ కాలేజీ ఇచ్చే ప్రకటన కూడా ఆ పేజీలకే వెళ్లింది. పట్టణాల్లో సొంతంగా నడిచే వారపత్రికలకు తిండి కరువైంది. తీరా కరోనా వచ్చాక పెద్ద పత్రికలే జిల్లా పేజీలు కుదించుకున్నాయి. ఆంధ్రభూమి అచ్చు 2020లో ఆగిపోయింది. చిన్నవాటిని ముందే పక్కకు నెట్టేసి, తర్వాత పెద్దవీ వెనక్కి తగ్గితే మండల వార్త రాసేదెవరు?

అమెరికాలో 2005 నుంచి మూడో వంతుకు పైగా పత్రికలు మూతపడ్డాయి. అక్కడా ఇంటర్నెట్ మీదే నేరం మోపారు. కానీ ఆల్డెన్ లాంటి పెట్టుబడి సంస్థలు పత్రికలను కొని, విలేకరులను తగ్గించి, భవనాలు అమ్ముకుని లాభం పిండుకున్న సంగతి కూడా అక్కడి రికార్డుల్లోనే ఉంది. స్థానిక పత్రిక మూతపడ్డ చోట మునిసిపాలిటీలు తెచ్చే అప్పుల మీద వడ్డీ పెరిగిందని అక్కడి ఆర్థికవేత్తలు లెక్కకట్టి చూపించారు. అడిగేవాడు లేని పాలకమండలికి అప్పిచ్చేవాడు ఎక్కువ వడ్డీ అడుగుతాడు. ఆ భారం పడేది ఊరి జనం మీదే.

‘అవన్నీ బ్లాక్‌మెయిల్ పత్రికలు.’ ఈ మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధిస్తుంది. వసూళ్ల కోసం పెట్టిన పత్రికలు లేవని నేననను, ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. కానీ వార్తను అమ్మడం ఈ దేశంలో పద్ధతిగా, రేటుకార్డుతో జరిగింది పెద్ద పత్రికల్లో. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని వార్తలు వేసిన వైనాన్ని ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం పశ్చిమ గోదావరి జిల్లాలో సర్వే చేసి మరీ బయటపెట్టింది. పత్రికల నడవడిని చూసే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది. అందులో ఒకరు మన కె. శ్రీనివాస్ రెడ్డి, రెండోవారు పరంజయ్ గుహా ఠాకుర్తా. వాళ్లు పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. 2010లో కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి, పేర్లు లేని పొట్టి నివేదిక విడుదల చేసింది. పూర్తి పాఠం బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావాల్సి వచ్చింది.

మండల విలేకరి వసూళ్లకు దిగాడంటే ముందు అతని జీతం ఎంతో అడగాలి. చాలామందికి జీతమే ఉండదు. అచ్చయినదానికి సెంటీమీటర్ల లెక్కన ఇచ్చే కొద్దిపాటి డబ్బు, దానికి తోడు సంక్రాంతికీ ఉగాదికీ ఇంత ప్రకటన తేవాలన్న టార్గెట్. ఉదయం ఏ సర్పంచి మీద వార్త రాయాలో, సాయంత్రం అదే సర్పంచి దగ్గర ప్రకటన అడగాలి. ఈ ఏర్పాటు చేసింది చిన్న పత్రికలు కాదు.

ఇక చిన్న పత్రిక ఏం చేయగలదో చెప్పాలంటే హర్యానాలోని సిర్సా చాలు. అక్కడి డేరా సచ్చా సౌదా అనే ఆధ్యాత్మిక సంస్థలో అత్యాచారాల గురించి ఒక సాధ్వి పేరు లేకుండా రాసిన ఉత్తరాన్ని 2002లో ప్రచురించింది ‘పూరా సచ్’ అనే సాయంకాల పత్రిక. సంపాదకుడు రామచందర్ ఛత్రపతి. కొన్ని నెలలకే ఇంటి ముందు ఆయన్ని కాల్చారు, నవంబరులో ఆయన చనిపోయారు. డేరా అధిపతికి అత్యాచారం కేసులో 2017లో శిక్ష పడింది. యూపీలోని మిర్జాపూర్ జిల్లాలో బడి మధ్యాహ్న భోజనంలో పిల్లలు ఉప్పుతో రొట్టెలు తింటున్న దృశ్యాన్ని 2019లో వీడియో తీసింది పవన్ జైస్వాల్ అనే స్థానిక విలేకరి. అధికారులు అతని మీదే కుట్ర కేసు పెట్టారు. ప్రింట్ విలేకరివి, ఫొటో తీయకుండా వీడియో ఎందుకు తీశావని జిల్లా మేజిస్ట్రేట్ అడిగారు. వీళ్లనా మనం పీడా అంటున్నది?

‘ఫోన్ ఉన్న ప్రతివాడూ విలేకరే.’ ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో విలేకరి ముకేశ్ చంద్రాకర్ దగ్గరా ఫోన్ ఉంది, సొంత యూట్యూబ్ ఛానెల్ ఉంది. మన సరిహద్దుకు ఆనుకుని ఉన్న బీజాపూర్ జిల్లాలో రోడ్డు పనుల అవినీతి మీద వార్త చేశాడు. 2025 జనవరి 3న ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలో, సెప్టిక్ ట్యాంకులో శవమై దొరికాడు. ప్రధాన నిందితుణ్ణి పోలీసులు పట్టుకున్నది హైదరాబాద్‌లో. ఫోన్ గుంతను చూపిస్తుంది. ఆ గుంత వెనక ఉన్న టెండరు కాగితం చదవాలంటే, జడ్పీ సమావేశంలో రోజంతా కూర్చోవాలంటే, కేసు పడితే వకీలును పెట్టాలంటే విలేకరికి నెల జీతం ఉండాలి, వెనక ఒక సంస్థ నిలబడాలి.

చివరికి అందరూ అనేది, ఇదంతా మార్కెట్ తీర్పని. మీడియా యాజమాన్యంపై పరిమితులు ఉండాలని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లో చెప్పింది, 2014 ఆగస్టులో మళ్లీ వివరంగా చెప్పింది, 2022లో మరోసారి చర్చాపత్రం తెచ్చింది. చట్టం మాత్రం రాలేదు. మరోవైపు జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో దళిత మహిళలు 2008 నుంచి ‘సంఘం రేడియో’ నడుపుతున్నారు. వాళ్ల భాషలో, వాళ్ల పంటల గురించి, వాళ్ల పాటలతో. తమ మండలంలో జరిగినదాన్ని సొంత వార్తగా చదివే హక్కు ఆ రేడియోకు లేదు. కావాలంటే ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టుగానో స్థానిక భాషలోకి మార్చో వినిపించవచ్చు, అంతే. ఇలా స్థానికుల కోసం నడిచే కమ్యూనిటీ రేడియోలన్నిటికీ దేశమంతటా ఇదే నిబంధన. ఒకే సంస్థ కింద వంద ఛానెళ్లు ఉండవచ్చని, ఊరి రేడియో ఊరి వార్త చెప్పకూడదని నిర్ణయించింది మార్కెట్ కాదు, ప్రభుత్వాలు. ట్రాయ్ సిఫారసులను పార్లమెంటులో చర్చకు పెట్టమని, కమ్యూనిటీ రేడియోల మీద వార్తల నిషేధం ఎత్తేయమని మన ఎంపీలను పేరుపెట్టి అడగాలి.